వెనక వదిలిన జాగా

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ వంటింటి వెనక గుమ్మం దాటలేకపోయింది. ఇల్లు కట్టేటప్పుడు వాన నీళ్లు లోపలికి రాకూడదని పునాది బాగా ఎత్తు లేపించాను. ముందువైపు నిదానంగా దిగడానికి వెడల్పాటి మెట్లున్నాయి. వెనకవైపు మాత్రం మేస్త్రి జాగా చాలదని నిటారుగా కట్టేశాడు. ఆవిడ రోజంతా గడిచేది ఆ మెట్ల కిందే. కరివేపాకు మొక్క, బట్టల తాడు, నీళ్ల తొట్టి, ప్రహరీ గోడకి అవతల పక్కింటి చెల్లమ్మ. ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడి అక్కణ్ణుంచే కేకేసి మాట్లాడేది. కాసేపటికి కాలు లాగేసి లోపలికి వచ్చి మంచం మీద కూలబడేది.

"ఈ గుమ్మానికి సమానంగా ఒక అరుగు కట్టించీ. కుర్సీ ఏసుకుని గాలికి కూకుంతాను. ఇంకేటీ అడగను," అంది ఒకరోజు.

నిజానికి ఆవిడ నన్ను పెద్దగా ఏదీ అడిగిన మనిషి కాదు. మర్నాడే పక్కింటి బావతో ఆ మాట చెప్పాను.

బావ అంటే చుట్టరికం కాదు. ఆయన సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. యారాడలో పుట్టి, పెళ్లయ్యాక కొండకి ఇవతలికి వచ్చి మా పక్క స్థలం కొనుక్కున్నాడు. నాది ఆనందపురం వైపు వ్యవసాయ కుటుంబం. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి ఇటొచ్చాను. రెండిళ్లూ ఒకేసారి లేచాయి. గోడలు తడపడానికి ఒకే కుళాయి దగ్గర వంతులు వేసుకుని నీళ్లు పట్టుకునేవాళ్లం. అక్కడ మొదలైంది "బావా" అనుకోవడం. దాంతో ఆయన భార్య నాకు చెల్లమ్మ అయింది, మా ఆవిడ ఆమెకి వదిన అయింది. ఆడవాళ్లిద్దరూ ఏటా సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణకి కలిసి నడిచేవారు. చివరిసారి నడిచినప్పుడు మా ఆవిడ మోకాలు సహకరించక దారిలోనే కూర్చుండిపోతే, చెల్లమ్మ తన నడక ఆపేసి ఆవిణ్ణి ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. మొక్కు పోయిందే అని నేనంటే, "మొక్కుకేటన్నియ్యా, దేవుడు ఎక్కడికీ పోడు. వొదిన కాలు పోతే మల్లీ వొస్తాదేటి?" అంది.

బావ వాళ్ల పెరట్లో, మా రెండిళ్లకీ మధ్యనున్న ప్రహరీ గోడకి ఆనించి ఒక రేకుల పంచ ఉండేది. కింద సిమెంటు గచ్చు, ఇనప పైపుల స్తంభాలు, పైన రేకులు. బావ అందులో కూర్చుని వల బాగుచేసుకునేవాడు. చెల్లమ్మ అక్కడే కత్తిపీట వేసుకుని చేపలు కోసేది, ఉప్పు పెట్టేది, బుట్టలు సర్దుకునేది. సాయంత్రమైతే అది మా అందరిదీ. నేను డ్యూటీ దిగి వచ్చి, పోర్టు మీంచి వచ్చి మొహాన పడ్డ నల్ల దుమ్ము కడుక్కుని, నేరుగా అక్కడికే వెళ్లేవాణ్ణి. మా ఇంట్లో నేను తాగిన టీకంటే ఆ పంచలో తాగిందే ఎక్కువ.

పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆ రేకులు ఎగిరిపోయాయి. ఒకటి మా వీధి చివర కరెంటు స్తంభానికి చుట్టుకుంటే, ఇంకొకటి మా నీళ్ల ట్యాంకు మీద వచ్చి పడింది. తుఫాను నుంచి తేరుకున్నాక బావ మళ్లీ వేసుకున్నాడు. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది నేను. రేకులు పైకి అందించింది నేను. అవతల పక్క బోల్టులు బిగించింది కూడా నేనే. ఈసారి ఎంత గాలొచ్చినా ఊడకూడదని ఇద్దరం పట్టుదలగా బిగించాం.

ఆ పంచకి అనుమతి లేదని నాకు తెలుసు. ఇంటి వెనక కొంత జాగా ఖాళీగా వదలాలని మా ఇద్దరి ప్లాన్లలోనూ రాసి ఉంది. ఇద్దరం ఒకే కాయితాలు చూసుకుని ఇళ్లు కట్టుకున్నవాళ్లం.

అరుగు సంగతి చెప్పేసరికి బావ నవ్వాడు. "దానికి ఆలోసనేటి బావ? ఇసకా సిమెంటూ తెప్పించీ. నాను ఏటనుంచి రాగానే మనిద్దరమే పోసీద్దాం."

"పర్మిషన్ తీసుకుంతాను బావ. ఎత్తు లేపి కడతన్నాను కదా, రేపెవుడైనా అడిగితే?"

"అడిగితే వొద్దంతారు. అడక్కపోతే ఎవుడూ రాడు. నీకు బయ్యం ఎక్కువ," అన్నాడు. ఎగతాళిగా కాదు, నాకు చలి ఎక్కువ అన్నట్టు మామూలుగా అన్నాడు.

భయం ఎక్కువన్న మాట నిజమే. రిటైర్మెంటు దగ్గర పడుతున్న కొద్దీ ఏ ఆఫీసు నుంచీ ఏ కాయితమూ నా పేరున రాకూడదన్న భయం ఎక్కువైంది. పైగా నాకు ఇంకో జబ్బు ఉంది. నిబంధన ప్రకారం నడిచాననిపించుకోవడం నాకు ఇష్టం. ప్లాంటులో హెల్మెట్ లేకుండా ఒక్కరోజు గేటు దాటలేదని చెప్పుకునేవాణ్ణి, ఎవరూ అడక్కపోయినా సరే.

లైసెన్సు ఉన్న ఇంజనీరు ఒకాయన వచ్చి చూశాడు. నేలమట్టానికి గచ్చు చేసుకుంటే ఎవరూ ఏమీ అనరనీ, గుమ్మం ఎత్తుకి లేపితే అది కట్టడం లెక్కలోకి వస్తుందనీ చెప్పాడు. ప్రహరీ గోడ దాకా కట్టకూడదు, మధ్యలో ఖాళీ ఉండాలి. చివర పడిపోకుండా కమ్మీలు పెట్టాలి. కప్పు మాత్రం వెయ్యకూడదు. స్తంభం లేపి రేకు వేస్తే ఖాళీ జాగాలో గది కట్టినట్టే.

"ఇంటి సుట్టూ ఖాళీ ఎందుకో? మన జాగాయే కదా," అంది మా ఆవిడ.

"ఏదైనా అంటుకుంటే మనిషి చుట్టూ తిరిగి నీళ్లు కొట్టాలి కదమ్మా. గాలి, వెలుతురు పక్కవాళ్లకి కూడా అందాలి," అన్నాడు ఇంజనీరు. ఆ మాట నాకు నచ్చింది. నాలుగు రోజులు దాన్నే అందరికీ చెప్పాను. బావకి కూడా, ఆయన పంచలో కూర్చునే, చెప్పాను. ఆయన వల కన్నాల్లోంచి నా వైపు చూసి, "మంచిమాటే," అని మళ్లీ పనిలో పడ్డాడు.

మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. కొన్నాళ్లకి కొలతలు చూడటానికి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న వయసు, స్కూటీ మీద వచ్చింది, మర్యాదస్తురాలు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే కూర్చుని తాగింది, కాలి గురించి అడిగింది. తర్వాత వెనక మెట్లు దిగి టేపు పట్టి కొలిచింది. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. అన్నీ సరిపోయాయి. టేపు చుడుతూ తలెత్తి గోడ మీంచి అవతలికి చూసింది.

"ఆ రేకులు ఎవరివండీ?"

"పక్కింటి వాళ్లవి మేడమ్."

"గోడకే ఆనించేశారే. మీకు అభ్యంతరం లేదా?"

"గోడ ఇద్దరిదీ మేడమ్," అన్నాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. ఆమె అడిగిందానికి జవాబు చెప్పాను, అబద్ధం ఆడలేదు, ఎవరి మీదా చెప్పలేదు. కానీ ఆమె నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపినట్టు అనిపించింది. ఆ మెప్పు ఇంకాస్త కావాలనిపించింది. "మేం మాత్రం అడక్కుండా ఒక్క ఇటుక కూడా పెట్టలేదు మేడమ్," అన్నాను.

ఆమె "మంచిదండీ," అంది. ఫోను తీసి మా వెనక జాగా ఫోటోలు తీసుకుంది. ఆ తర్వాత గోడ అవతల ఫోటోలు కూడా తీసుకుంది.

ఆమె వెళ్లాక మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. "ఆ మాటెందుకన్నావు?"

"ఏ మాట?"

"మేం మాత్రం అని."

"ఉన్నమాటే కదా," అని విసుక్కున్నాను.  ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పటికే నాకు తెలుసు, అందుకే విసుక్కున్నాను.

మా అనుమతి తొందరగానే వచ్చింది. మేస్త్రి పని మొదలుపెట్టాడు. అరుగు గోడలు లేస్తున్న రోజుల్లోనే, బావ బోటు మీద వేటకి వెళ్లి ఉన్నప్పుడు, వాళ్లింటికి నోటీసు వచ్చింది. చెల్లమ్మ అది పట్టుకుని తడిచేతుల్తో మా ఇంటికొచ్చింది.

"అన్నియ్యా, ఏటి కాయితం ఇది? తెలుగే గానీ నాకేటీ బోధపడ్డం లేదు."

చదివి చెప్పాను. వెనక వదలాల్సిన ఖాళీలో అనుమతి లేకుండా కప్పు వేశారు, గడువులోగా మీరే తియ్యాలి, లేకపోతే మేమొచ్చి తీస్తాం, అది సారాంశం. ఆమె మా ఇంటి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేటి? ఎవులో మన మీద ఎక్కించుంటారు."

నేను కాయితం మడత పెడుతూ ఉండిపోయాను. మా ఆవిడ నన్నే చూస్తోంది. చెల్లమ్మ తనే, "ఆ టైలరమ్మే. ఇంకెవులున్నారు?" అంది.

టైలరమ్మ అంటే వాళ్లకి ఆ పక్కింటావిడ. భర్త పోయాక ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతూ బతుకుతోంది. చేపలు కడిగిన నీళ్లు తన వాకిట్లోకి పారుతున్నాయని ఆమెకీ చెల్లమ్మకీ ఒకసారి మాటా మాటా అయింది. ఆ తర్వాత చెల్లమ్మ నీళ్లు పారకుండా గట్టు కట్టించుకుంది గానీ, ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడైనా చెప్పాల్సింది. "కాదు చెల్లమ్మా, మా అరుగు చూడ్డానికొచ్చిన మనిషి చూసింది," అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ "నువ్వేటన్నావన్నియ్యా?" అని ఆమె అడుగుతుందని తెలుసు.  "తొందరపడకు, బావ రానీ," అన్నాను.

ఆమె తొందరపడింది. మర్నాడు పొద్దున్నే, వీధి కుళాయి దగ్గర, నలుగురూ చూస్తుండగా టైలరమ్మని పట్టుకుని కడిగేసింది. "నా కూడు పోగొట్టి నీకేటొచ్చినాది? మొగుడు లేనిదానివని ఇన్నాల్లూ ఊరుకున్నాను," అంది. అనరాని మాటలు ఇంకా చాలా అంది. టైలరమ్మ మొదట్లో "నాకేం తెలీదు, నేనెవరికీ చెప్పలేదు," అంది. తర్వాత బిందె అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

నేను మా గేటు దగ్గర కూర్చుని డ్యూటీ బూట్లు వేసుకుంటున్నాను. మొదటి మాట నుంచీ విన్నాను. లేసులు కట్టుకున్నాను. మోటార్ సైకిల్ తీసి, కుళాయి పక్క నుంచే, ప్లాంటుకి వెళ్లిపోయాను.

ఆ రోజు డ్యూటీలో ఏం చేశానో గుర్తు లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?" అని అడిగింది.

"బావ రానీ. ఆయనకే చెప్తాను. మగాళ్లం మేం మాట్లాడుకుంటాం," అన్నాను.

"తిట్లు తిన్నది మగోడు కాదు కదా," అంది.

బావ వచ్చాడు. ఎండకి మాడి, గెడ్డం మాసి, కళ్లు ఉప్పునీటికి ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజంతా పడుకున్నాడు. మర్నాడు నేను సెలవులో ఉన్నాను. పొద్దున్నే అవతల నుంచి స్పానర్ చప్పుడు వినిపించింది. గోడ మీంచి చూస్తే బావ ఒక్కడే నిచ్చెన ఎక్కి రేకుల బోల్టులు విప్పుతున్నాడు. చుట్టూ తిరిగి వాళ్ల పెరట్లోకి వెళ్లాను.

"వొచ్చినావా? నిచ్చిన పట్టుకో, కాలు జారతన్నాది," అన్నాడు.

పట్టుకున్నాను. పట్టుకునే చెప్పాను. "బావా, ఆ టైలరమ్మకి ఏటీ తెలీదు. నా అరుగు కొలవడానికి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వొచ్చింది. గోడ మీంచి సూసి అడిగింది."

స్పానర్ ఆగింది. "నీ అరుగు కోసం వొచ్చినావిడేనా?"

"అవును."

"అడిగితే నివ్వేటన్నావు?"

చెప్పాను. ఉన్నదున్నట్టు, ఆ ఒక్క ఇటుక మాటతో సహా చెప్పాను. ఆయన చేతిలో అప్పుడే విప్పిన బోల్టు ఉంది. దాన్ని చూశాడు. అది నేను బిగించిన పక్కదే. తుప్పు పట్టి ఉంది, విప్పడానికి చాలా కష్టపడ్డాడు కాబోలు, వేళ్లు చీరుకుపోయాయి.

"నిచ్చిన వొగ్గీ. దిగుతాను," అన్నాడు.

నేను నిచ్చెన వదిలేశాక దిగి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, గచ్చు మీద కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"రేకుల కోసం నాకు బాధ లేదు బావ. ఉండకూడని జాగాలో ఏసినాను. ఎప్పుడో ఒకప్పుడు తియ్యాల్సిందేనని నాకూ తెలుసు. ఆవిడ అడిగింది, నివ్వు సెప్పినావు, సరే. ఆ మీదటి మాట ఎందుకన్నావో నీకే తెలియాల." తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "మా ఆడది ఆ మనిసిని అంతలేసి మాటలంటంటే నివ్వు గేటుకాడున్నావంట. ఇని కూడా నోరిప్పలేదు. అది నాను దిగమింగలేకపోతన్నాను."

"తప్పయిపోయింది బావ."

"నాకెందుకు సెప్తావు? ముందల ఆ అమ్మకి సెప్పు, ఎల్లు."

వెళ్లాను. టైలరమ్మ మిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. గుమ్మంలో నిలబడి, జరిగిందంతా చెప్పి, నా వల్ల మాటలు పడ్డారమ్మా అన్నాను. ఆమె మిషన్ ఆపలేదు. కుట్టు చివరిదాకా వచ్చాక దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"తిట్టినావిడ వేరే, చెప్పడానికొచ్చింది మీరు," అంది. "ఆ రోజు మీరు బూట్లు వేసుకుంటున్నారు. నేను మీ వైపే చూశాను. పెద్దమనిషి కదా, ఒక్కమాట ఆగమ్మా అని అడ్డం పడతారేమో అనుకున్నాను. మీకు సంగతంతా తెలుసని అప్పుడు నాకు తెలీదు."

 ఆమె ఇంకో జాకెట్టు తీసుకుంది. నేను వచ్చేశాను.

బావ నోట సంగతి విన్నాక చెల్లమ్మ తిడుతుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను. కుళాయి దగ్గర టైలరమ్మని తిట్టినట్టే వీధంతా వినేలా నన్నూ తిడితే ఇద్దరికీ సమానం అవుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. ఆ సాయంత్రం తనే టైలరమ్మ ఇంటికి వెళ్లింది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ, తిరిగొచ్చేటప్పుడు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఎదురెళ్లి, "చెల్లమ్మా," అన్నాను.

"ఎల్తాను సారు," అని పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది.

ఇన్నేళ్లలో ఆమె నన్ను సారు అనడం అదే మొదటిసారి. వీధిలో అందరూ నన్ను సారు అనే అంటారు, ఆఫీసు షర్టు వేసుకుంటాను కాబట్టి. ఆ మాటలో అగౌరవం ఏమీ లేదు. కానీ ఇంట్లోకి వచ్చి ఆ ఒక్క మాటే మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

పంచ పోయింది. పైపులు, రేకులు బావ ఎవరికో ఇచ్చేశాడు. గచ్చు మిగిలింది. వల పని యారాడలో వాళ్లన్నయ్య ఇంటి దగ్గరకి మార్చుకున్నాడు. వేట లేని రోజుల్లో పొద్దున్నే బండి మీద కొండ దాటి వెళ్లి, చీకటి పడే వేళకి వచ్చేవాడు. మా సాయంత్రాల మాటలు అలా ఆగిపోయాయి. కొట్లాట ఏమీ లేదు. కూర్చునే చోటు లేదు, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏదో ఒకటి చెయ్యాలని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. ఆ అమ్మాయే కనిపించింది. గుర్తుపట్టి కూర్చోమంది. వాళ్లకి నీడ లేకుండా పోయింది, వేరే దారేదైనా ఉందా అని అడిగాను. గచ్చు ఉంచుకోవచ్చంది. స్తంభాలు పాతకుండా, కావాల్సినప్పుడు కట్టి సాయంత్రం విప్పేసే గుడ్డ పరదా అయితే తను అడ్డు చెప్పేదేమీ లేదంది. పైన మేడ మీద ఏదైనా వేసుకోవాలంటే మాత్రం ప్లాన్ పెట్టుకోమంది. తర్వాత నా మొహం చూసి కాబోలు, "మీ దరఖాస్తు వల్లే చూశామని అనుకోకండి సార్. ఆ కాలనీ మొత్తం చూస్తున్నాం. ఇవాళ కాకపోతే రేపైనా నోటీసు ఇచ్చేవాళ్లమే," అంది.

దారంతా ఆ మాటే మననం చేసుకుంటూ వచ్చాను. నా వల్ల కాదు, ఎలాగూ జరిగేదే. వాకిట్లో బండి ఆపుతూనే మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"అయితే ఆ ముక్క టైలరమ్మకి కూడా సెప్పి రా," అంది. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయాను.

పరదా సంగతి బావకి చెప్పాను. తాళ్లూ గుడ్డా నేను తెస్తానన్నాను. "సూద్దాంలే బావ," అన్నాడు. ఇంకా బావ అనే అంటున్నాడు, అదొక్కటే ఊరట. పరదా మాత్రం కట్టలేదు.

ఈలోగా మా అరుగు పూర్తయింది. బాగా వచ్చింది. గుమ్మంలోంచి కాలు తీసి కాలు వేస్తే చాలు, బయటికొచ్చేయొచ్చు. కొండ మీంచి గాలి నేరుగా తగులుతుంది, పోర్టులో ఓడ కూత పెడితే పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. మొదటి రోజు నేనే కుర్చీ వేసి, చెయ్యి పట్టుకుని మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఆవిడ అటూ ఇటూ చూసి నవ్వింది. రేకులు పోయాక ఆ ఎత్తు నుంచి ప్రహరీ గోడ అడ్డం రాదని నేను ముందు ఆలోచించలేదు. అవతల పెరడంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది. చెల్లమ్మ నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, ఎండలో, ఉత్త గచ్చు మీద కూర్చుని చేపలు కోస్తోంది. ఈగలు తోలుకోవడానికి మాటిమాటికీ చెయ్యి విదిలిస్తోంది. తలెత్తి మమ్మల్ని చూసింది. "బాగున్నాది వొదినా అరుగు," అంది. నిజంగానే అంది.

మా ఆవిడ కాసేపటికి లేచి లోపలికి వెళ్లిపోయింది. కాలు లాగుతోందా అంటే లేదంది.

ఆ తర్వాత ఆవిడ చేసింది నేను ఊహించలేదు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు ఎప్పుడూ ఎగ్గొట్టే మనిషి, పట్టుబట్టి చెయ్యడం మొదలుపెట్టింది. ముందువైపు మెట్లు కర్ర సాయంతో దిగడం అలవాటు చేసుకుంది. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. వెతుక్కుంటూ అరుగు మీదికి వస్తే, అవతల పెరట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో పెద్ద నల్ల గొడుగు, దాని నీడ చెల్లమ్మ మీద పడేలా పట్టుకుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి చెల్లమ్మ నవ్వాపేసి పని చూసుకుంది. మా ఆవిడ, "టీ పొయ్యి మీదుంది, వేడి సేసుకో," అని కేకేసింది.

ఆ రోజు నుంచి ఆవిడ సాయంత్రాలు అక్కడే. ఆవిడ కోసం కట్టిన అరుగు మీద నేను కూర్చుంటున్నాను. రిటైరయ్యాక మరీ ఎక్కువైంది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను, వాళ్లని చూస్తున్నాననుకోకూడదని. చెల్లమ్మ ఎదురుపడ్డ ప్రతిసారీ ఏదో ఒకటి అంటూనే ఉండేవాణ్ణి. నాదే తప్పు చెల్లమ్మా అనో, నీకు ఎండ కష్టం నా వల్లే అనో. ఆమె తలూపి వెళ్లిపోయేది. ఒకసారి మార్కెట్ దగ్గర, ఇంకోసారి గుడి మెట్ల మీద కూడా అన్నాను.

మొన్న బావ గోడ అవతల నుంచి పిలిచాడు. "బావా, ఓపాలి రా. ఇంజిన్ దింపాల." బోటు ఇంజిన్ చెడిపోతే బాగుచేయించడానికి ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాడు. పరుగులాంటి నడకతో వెళ్లాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, ఆగి ఆగి, పెరట్లోకి తెచ్చి గచ్చు మీద దింపాం. షర్టంతా ఆయిల్ అయింది. బావ నా అవతారం చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. చాలాకాలానికి ఇద్దరం ఆ గచ్చు మీద పక్కపక్కన కూర్చున్నాం.

చెల్లమ్మ టీ తెచ్చింది. బావకిచ్చింది, మా ఆవిడకిచ్చింది, నా గ్లాసు నా ముందు నేల మీద పెట్టింది. ఆమె వంగినప్పుడు నేను, "చెల్లమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"ఉండనీండి సారు," అంది. కోపం లేదు, అలసటగా అంది. "ఎన్నిసార్లు సెప్తారు? మీరు సెప్పీసి ఎల్లిపోతారు, మీకు తేలిగ్గా ఉంతాదేమో. నాను ఆ యమ్మని అన్న మాటలన్నీ నాకు మల్లీ గుర్తొస్తాయి. రాత్రి అన్నం సయించదు. ఇంక సెప్పకండి."

బావ ఇంజిన్ వైపు చూస్తున్నాడు. మా ఆవిడ గొడుగు మడత పెడుతోంది. నేను సరేనన్నాను. టీ తాగి, గ్లాసు నేనే కడిగి బోర్లించి, ఇంటికొచ్చేశాను.

అప్పట్నుంచి చెప్పలేదు. నిన్న ఎదురుపడితే, చేపలేం పడ్డాయి అని మాత్రం అడిగాను. "కానాగంతలు పడ్డాయి సారు," అంది. వదినతో పంపిస్తానంది.